ఒక్క తూటా, ఏడు గాయాలు

1963 నవంబరు 22 మధ్యాహ్నం డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి నడవాలో ఒక శవపేటిక కోసం తగువు జరిగింది. పేటికలో ఉన్నది అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ. దారికి అడ్డంగా నిలబడినవాడు కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ ఎర్ల్ రోజ్. హత్య టెక్సాస్ గడ్డ మీద జరిగింది, పోస్ట్‌మార్టం టెక్సాస్‌లోనే జరగాలి, అది చట్టం అన్నాడాయన. చట్టం నిజంగా ఆయన పక్షానే ఉంది. ఆ రోజుల్లో అధ్యక్షుణ్ణి చంపడం ఫెడరల్ నేరం కాదు. ఆ శాసనం 1965లో గానీ రాలేదు. దారినపోయే వాణ్ణి చంపినా, దేశాధినేతను చంపినా టెక్సాస్‌లో ఒకటే కేసు. కానీ భర్త దేహం లేకుండా జాక్వెలిన్ కదలనంది. ఆమె లేకుండా విమానం కదలడానికి వీల్లేదని కొత్త అధ్యక్షుడు జాన్సన్ అన్నాడు. చివరికి సీక్రెట్ సర్వీసు వాళ్లు రోజ్‌ను తోసుకుంటూ పేటికను తీసుకుపోయారు.

రోజ్ ఫోరెన్సిక్ పాథాలజీలో తర్ఫీదు పొందినవాడు. ఆ రాత్రి వాషింగ్టన్ దగ్గర బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో కత్తి పట్టిన హ్యూమ్స్, బాస్‌వెల్ అలాంటివాళ్లు కారు. జబ్బుతో పోయినవాళ్లను కోసి కారణం చెప్పడంలో దిట్టలే గానీ, తుపాకీ గాయాల పని వాళ్లది కాదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు కాబట్టే సైన్యం నుంచి పియర్ ఫింక్ అనే గాయాల నిపుణుణ్ణి పిలిపించుకున్నారు. ఆయన వచ్చేసరికి పని సగం అయిపోయింది.

ఇక రైఫిల్ పేల్చాడన్న లీ హార్వీ ఆస్వాల్డ్‌ను రెండు రోజులకే, పోలీసుల మధ్యలో ఉండగానే, జాక్ రూబీ కాల్చి చంపాడు. ముద్దాయి లేడు గనక విచారణ లేదు. విచారణ లేదు గనక ఈ కేసులో ఒక్క డాక్టరునూ, ఒక్క బాలిస్టిక్స్ నిపుణుణ్ణీ ఆస్వాల్డ్ తరఫు వకీలు బోనులో నిలబెట్టి గుచ్చి గుచ్చి అడిగింది లేదు. కోర్టులో నాలుగు రోజుల్లో తేలాల్సిన ప్రశ్నలు కమిషన్లకూ కమిటీలకూ పత్రికలకూ పాకాయి. వాటిలో సైన్సు ఎక్కడ గట్టిగా నిలబడిందో, ఎక్కడ మితిమీరి మాట్లాడిందో చూడటమే ఈ అధ్యాయం పని.

పార్క్‌లాండ్‌లో డాక్టర్ మాల్కమ్ పెర్రీకి కనిపించింది గొంతు ముందు భాగంలో, కంఠమణికి కొంచెం కింద, చిన్న గుండ్రటి రంధ్రం. ఊపిరి నిలబెట్టాలి. ట్రాకియాటమీ చెయ్యడానికి అది సరిగ్గా అనువైన చోటు. దాని మీదుగానే కోసి గొట్టం దూర్చాడు. ప్రాణం కోసం పెనుగులాడే డాక్టరుకు ఆ రంధ్రం సాక్ష్యం కాదు. రోగిని బోర్లా తిప్పి చూసే వ్యవధి ఎవరికీ లేకపోయింది. వీపు మీద ఇంకో రంధ్రం ఉందని పార్క్‌లాండ్‌లో ఎవరూ గమనించలేదు. ఆ వెంటనే జరిగిన విలేకరుల సమావేశంలో పెర్రీ, గొంతు గాయం తూటా లోపలికి వెళ్లిన చోటులా ఉందన్నాడు. అంటే తూటా ఎదుటి నుంచి వచ్చిందన్నమాట. కానీ ఆస్వాల్డ్ కాల్చాడన్న పుస్తకాల గిడ్డంగి ఆరో అంతస్తు కిటికీ అధ్యక్షుడి వెనక ఉంది. పేచీ ఆ సాయంత్రమే మొదలైంది.

బెథెస్డాలో దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్లు వీపు మీది రంధ్రం చూశారు, గొంతు దగ్గరిది కేవలం ట్రాకియాటమీ కోత అనుకున్నారు. వీపు గాయంలో వేలు పెట్టి చూస్తే కొంచెం దూరం పోయి ఆగిపోయింది. ఎక్స్‌రేలో తూటా లేదు. ఏమైనట్టు? డాలస్‌లో ఒక స్ట్రెచర్ మీద తూటా దొరికిందన్న కబురు అప్పటికే వచ్చింది. గుండెను పిసికినప్పుడు అది వచ్చిన దారినే జారి పడిపోయి ఉంటుందని ఆ రాత్రి ఒక ఊహ నడిచింది. దగ్గరుండి చూసిన ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు దాన్నే రాసుకుని పోయారు. మర్నాడు పొద్దున హ్యూమ్స్ పెర్రీకి ఫోన్ చేశాడు. గొంతు మీద కోతకు ముందే రంధ్రం ఉందని అప్పుడు తెలిసింది. అంటే ఈ కేసులో అతి ముఖ్యమైన నిష్క్రమణ గాయం దేహం చేజారాక, టెలిఫోన్ మీద కనుక్కున్నది. ఆ వారాంతంలోనే హ్యూమ్స్ తన తొలి ముసాయిదాను ఇంట్లో నిప్పుగూట్లో వేసి కాల్చేశాడు. రక్తపు మరకల కాగితాలు వేడుక వస్తువులు కాకూడదని తన ఉద్దేశమని తర్వాత చెప్పాడు. ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. కానీ పోస్ట్‌మార్టం కాగితాలు కాల్చిన డాక్టరును ఎవరు నమ్ముతారు?

మెడలో తూటా పోయిన దారిని కోసి చూడనూ లేదు. 1969లో న్యూ ఓర్లీన్స్ కోర్టులో వేరొకరి మీద నడిచిన కుట్ర కేసులో ఫింక్ సాక్ష్యమిస్తూ, కోయవద్దని తమకు చెప్పారని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క కోత పడి ఉంటే తర్వాతి పుస్తకాల్లో సగం పుట్టేవే కావని నా అభిప్రాయం.

కొలతల సంగతి ఇంకా చిత్రం. వీపు గాయం చెవి వెనక ఎముక కొస నుంచి 14 సెం.మీ. కింద ఉందని నివేదిక రాసింది. తల వంచితే ఒక దూరం, ఎత్తితే ఇంకో దూరం. కదిలే ఎముక నుంచి కొలవకూడదని ఫోరెన్సిక్ విద్యార్థికి మొదటే నేర్పుతారు. వెన్నుపూసల నుంచి కొలవాలి. ఇదే గాయాన్ని బాస్‌వెల్ తన బొమ్మ కాగితం మీద చాలా కిందికి చుక్క పెట్టి చూపాడు. కోటు మీద రంధ్రం కాలరు పై అంచుకు 13 సెం.మీ. పైచిలుకు కింద ఉంది. హత్యను విచారించడానికి ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్‌కు డాక్టర్లు ఇచ్చిన చిత్రంలో మాత్రం గాయం మెడ మొదట్లోకి ఎక్కి కూర్చుంది. ఆ చిత్రకారుడికి ఫొటోలు చూపలేదు, నోటితో చెప్పింది విని గీశాడు. కమిషన్ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ నివేదిక ముసాయిదాలోనూ గాయాన్ని వీపు నుంచి మెడ వెనక్కి జరిపి దిద్దాడని 1997లో బయటపడ్డ కాగితాలు చెప్పాయి. కారులో చేతులూపుతూ కూర్చున్న మనిషి కోటు వీపు మీద మడత పడి పైకి లేచిందని ఆ రోజు ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది. ఆ సంగతి చెబితే సరిపోయేది. గాయాన్నే జరపడం దేనికి?

ఇలాంటి గందరగోళంలో చిన్న చిన్న సాక్ష్యాలే ఎక్కువ పనికొచ్చాయి. కోటు వెనక రంధ్రం దగ్గర నూలుపోగులు లోపలికి ఒరిగి ఉన్నాయి. చొక్కా ముందు, కాలరు గుండీ కింద, చీలిక దగ్గర పోగులు బయటికి తిరిగి ఉన్నాయి. కుడి ఊపిరితిత్తి కొన మీద కమిలిన గుర్తును ఆ రాత్రే రాసిపెట్టారు. తూటా వెనక నుంచి ముందుకు పోయిందని చెప్పడానికి ఇవి ఏ చిత్రపటం కన్నా బలమైనవి.

సరే, తూటా గొంతులోంచి బయటికొచ్చింది. తర్వాత ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నను లేవదీసింది డాక్టర్లు కాదు, గడియారం. ఏబ్రహమ్ జప్రూడర్ అనే బట్టల వ్యాపారి 8 మి.మీ. కెమెరాతో ఊరేగింపును తీశాడు. సెకనుకు 18.3 ఫ్రేములని ఎఫ్‌బీఐ లెక్కగట్టింది. 210, 225 ఫ్రేముల మధ్య, ఒక రోడ్డు బోర్డు చాటున, కెనడీకి మొదటి దెబ్బ తగిలిందని కమిషన్ తేల్చింది. తల పగిలింది 313వ ఫ్రేములో. ముందు సీట్లో కూర్చున్న టెక్సాస్ గవర్నర్ జాన్ కానల్లీ బాధతో ముడుచుకోవడం 230ల్లో కనిపిస్తుంది. ఆస్వాల్డ్ పోస్టులో తెప్పించుకున్న ఇటాలియన్ మాన్లికర్ కార్కానో రైఫిల్‌కు ప్రతి దెబ్బకూ బోల్టు లాగి తొయ్యాలి. రెండు దెబ్బల మధ్య కనీసం 2.3 సెకన్లు, అంటే 42 ఫ్రేములు పడుతుంది. కెనడీ దెబ్బకూ కానల్లీ దెబ్బకూ మధ్య అన్ని ఫ్రేములు లేవు. మిగిలినవి రెండే దారులు. ఇద్దరు కాల్చి ఉండాలి, లేదా ఒకే తూటా ఇద్దరికీ తగిలి ఉండాలి. కమిషన్‌లో కుర్ర వకీలు ఆర్లెన్ స్పెక్టర్ రెండో దారి పట్టాడు. గిడ్డంగి కిటికీ దగ్గర మూడే ఖాళీ తొడుగులు దొరికాయి. వంతెన దగ్గర నిలబడ్డ ఒక మనిషి చెంప మీద గీరుకుపోయింది గనక ఒక దెబ్బ కారుకు తగలక పోయి ఉండొచ్చు. ఇక మిగిలినవి రెండు. ఒకటి తలకు. ఇంకొకటి కెనడీ వీపులో దూరి, గొంతులోంచి వచ్చి, కానల్లీ వీపులో దిగి, అయిదో పక్కటెముక విరగ్గొట్టి, రొమ్ము కింద బయటపడి, కుడి మణికట్టు ఒకవైపు దూరి రెండోవైపు వచ్చి, ఎడమ తొడలో గుచ్చుకుంది. లెక్కపెడితే ఏడు గాయాలు. విమర్శకులు దానికి మాయ తూటా అని పేరు పెట్టారు. 1991లో ఆలివర్ స్టోన్ సినిమా ఆ పేరును ఊరూరా చేర్చింది. గాలిలో మలుపులు తిరిగే గీతతో బొమ్మలు వచ్చాయి.

ఆ బొమ్మల్లో కానల్లీని కెనడీకి సరిగ్గా ముందు, అదే ఎత్తులో కూర్చోబెట్టారు. కారులో ఆయన కూర్చున్నది మడత సీటు. అది తలుపుకు కొంచెం లోపలికి, వెనక సీటుకు దాదాపు 3 అంగుళాల కిందికి ఉంది. పైగా ఆయన కుడివైపు తిరిగి ఉన్నాడు. కెనడీ కుడి అంచుకు జరిగి మోచేయి తలుపు మీద పెట్టుకున్నాడు. మనుషుల్ని వాళ్లు కూర్చున్న చోట కూర్చోబెడితే గీత తిన్నగానే పోతుంది.

స్ట్రెచర్ మీద దొరికిన తూటాకు 399వ ఎగ్జిబిట్ అని నంబరు వేశారు. ఎముకలు విరగ్గొట్టిన తూటా ఇంత నున్నగా ఉంటుందా అన్నది అందరి ప్రశ్న. హ్యూమ్స్, ఫింక్ కూడా కమిషన్ ముందు ఇదే అనుమానం చెప్పారు. కానల్లీ మణికట్టులో అన్ని సీసం ముక్కలు ఉండగా ఈ తూటాకు అంత తరుగేదీ అన్నారు. బరువు 158.6 గ్రెయిన్లు. కొత్త తూటా 160, 161 దాకా తూగుతుంది. పోయింది మహా అయితే గ్రాములో ఆరో వంతు. కానీ నున్నగా ఉందన్నది పక్క నుంచి తీసిన ఫొటో మాట. అడుగు నుంచి చూస్తే వెనక భాగం నొక్కుకుపోయి, లోపలి సీసం బయటికి పొంగి ఉంది. ముక్కలు రాలింది అక్కడి నుంచే అని సమర్థకుల వాదన.

ఇక్కడ భౌతికశాస్త్రం నిజంగా సాయపడుతుంది. రైఫిల్ గొట్టంలోని మరలు తూటాకు బొంగరం తిప్పుడు ఇస్తాయి. ఆ తిప్పుడు వల్ల గాలిలో ముక్కు ముందుకే ఉంటుంది. కండ గాలి కన్నా వందల రెట్లు చిక్కన. అందులో దూరిన పొడుగాటి తూటా కొంతదూరం పోయాక వంకర తిరగడం మొదలెడుతుంది. మెడ సన్నం గనక అందులో తూటా పెద్దగా తిరగదు, కానీ బయటికి రాగానే ఊగుతుంది. కానల్లీ వీపు గాయం గుండ్రంగా లేదు, దాదాపు 1.5 సెం.మీ. పొడుగున్న కోలగా ఉందని ఆయనకు ఆపరేషన్ చేసిన రాబర్ట్ షా చెప్పాడు. తూటా మందం 7 మి.మీ. లోపే. ముందు దేన్నో తాకి ఊగుతూ వచ్చింది గనకే పక్కవాటంగా తగిలిందని ఒక వివరణ. ఏటవాలుగా తగిలినా కోల గాయమే పడుతుందని విమర్శకుల జవాబు. అదీ తీసెయ్యదగ్గది కాదు. షా స్వయంగా ఒకే తూటా మాటను నమ్మలేదు. తనకు వేరే తూటా తగిలిందని కానల్లీ చనిపోయేదాకా అన్నాడు.

వంగడం, వంగకపోవడం వేగాన్ని బట్టి ఉంటుంది. కమిషన్ కోసం సైన్యం శవాల మణికట్ల మీద ఇదే రకం తూటాలు పేల్చి చూస్తే ముక్కులు చితికిపోయాయి. దీన్ని విమర్శకులు ఇప్పటికీ చూపిస్తారు. కానీ ఆ తూటాలు నేరుగా, సెకనుకు దాదాపు 550 మీటర్ల వేగంతో తగిలాయి. కానల్లీ మణికట్టుకు చేరిన తూటా అప్పటికే రెండు దేహాలు దాటి సగం వేగం పోగొట్టుకుంది. రాగి కవచం ఉన్న తూటా ఒక హద్దు వేగం దాటితేనే ఎముక మీద రూపు చెడుతుంది. కిందైతే ఎముకే విరుగుతుంది, తూటా నిలుస్తుంది. అందుకే తలకు నేరుగా, పూర్తి వేగంతో తగిలిన ఇంకో తూటా ముక్కలైపోయింది. దాని పెద్ద తునకలు రెండు కారు ముందు భాగంలో దొరికాయి. ఒకే రకం తూటాలు రెండు రకాలుగా ప్రవర్తించడంలో మాయ లేదు. నా మట్టుకు నాకు ఒకే తూటా లెక్కే కుదురుతున్నట్టుంది. 1978లో హత్యను మళ్లీ విచారిస్తున్న కాంగ్రెస్ కమిటీ తరఫున పనిచేసిన తొమ్మిదిమంది పాథాలజిస్టుల్లో ఎనిమిదిమంది మాట కూడా అదే. తొమ్మిదో ఆయన సిరిల్ వెక్ట్ చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ తూటా విషయంలో నిజమైన లోటు చేతులు మారిన తీరులో ఉంది. దాన్ని చూసిన ఆసుపత్రి ఉద్యోగి అది ఏ స్ట్రెచర్ నుంచి పడిందో ఖాయంగా చెప్పలేకపోయాడు. అది ఇంకొక ఉద్యోగి చేతిలోంచి సీక్రెట్ సర్వీసు ఏజెంటుకూ, ఆయన పై అధికారికీ చేరింది. తర్వాత చూపిస్తే ఆ నలుగురిలో ఎవరూ ఇదే అని గుర్తుపట్టలేదు. మన ఊరి మేజిస్ట్రేట్ కోర్టులో కూడా డిఫెన్సు వకీలు ముందు పట్టుకునేది దీన్నే. గొట్టం గీతలు మాత్రం ఆ రైఫిల్‌వే అని ఎఫ్‌బీఐ అప్పట్లోనే తేల్చింది. 1978 నిపుణులు అదే రైఫిల్‌తో కొత్తగా కాల్చి చూస్తే తూటాలు 399తో సరిపోలలేదు. మధ్యలో చాలాసార్లు పేల్చడంతో గొట్టం లోపలి గీతలు మారిపోయాయి. ఎఫ్‌బీఐ మొదట్లో కాల్చి దాచిన తూటాలతో పోల్చాకే అవుననగలిగారు.

ఇక తల. 313వ ఫ్రేము తర్వాత కెనడీ దేహం వెనక్కి, ఎడమవైపుకు విసురుగా వాలుతుంది. 1975లో ఆ ఫిల్ము తొలిసారి దేశమంతా టీవీలో చూసినవాళ్లు, కాల్చింది ఎదుటి నుంచే అని తీర్మానించుకున్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. తూటా బరువు 10 గ్రాముల పైచిలుకు, ఆ దూరంలో వేగం సెకనుకు 560 మీటర్ల చుట్టుపక్కల. ఆ ద్రవ్యవేగం మొత్తం 77 కిలోల మనిషికి ఇచ్చినా ఆయన సెకనుకు 8 సెం.మీ. మించి కదలడు. అంటే తూటా ఏ వైపు నుంచి వచ్చినా దేహాన్ని అలా తోయలేదు. కారణం వేరే ఉండాలి. నోబెల్ గ్రహీత లూయిస్ అల్వరెజ్ టేపు చుట్టిన మెలన్ పళ్ల మీద కాల్చి చూశాడు. లోపలి గుజ్జు ముందువైపుకు చిమ్మితే పండు తుపాకీ వైపుకే దొర్లిందని 1976లో ప్రచురించాడు. పండు తొక్కా పుర్రే ఒకటి కావన్న విమర్శ సరైనదే. మెదడు ఒక్కసారిగా చితికినప్పుడు వీపు కండరాలు బిగుసుకోవడం ఇంకో వివరణ, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ఫిల్మును నిదానంగా చూస్తే 312, 313 మధ్య తల మొదట ముందుకు కదిలినట్టుంది. అది కెమెరా అదురని ఒకప్పుడు దాన్ని కొలిచిన జొసయా థాంప్సనే తర్వాత మాట మార్చుకున్నాడు.

తలలో తూటా దిగిన చోటు గురించి డాక్టర్లకే పొత్తు కుదరలేదు. హ్యూమ్స్ బృందం దాన్ని తల వెనక బొడిపె దగ్గర, కొంచెం పైన అని రాసింది. 1968లో ఎక్స్‌రేలు పరిశీలించిన క్లార్క్ బృందం అనే ఇంకో డాక్టర్ల జట్టు దానికి 10 సెం.మీ. పైన అంది. మనిషి తల మీద 10 సెం.మీ. అంటే జానెడులో సగం. మెదడును మళ్లీ పరీక్షిద్దామంటే, అది నేషనల్ ఆర్కైవ్స్‌లో లేదని 1966లోనే తెలిసింది. ఎవరు తీశారో తేలలేదు.

ఇంతకీ అందరూ తిరుగులేనివనుకున్న సాక్ష్యాలు రెండు. అవే ముందు కూలాయి. మొదటిది సీసం. 1977లో రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ గిన్ తూటా తునకలను న్యూట్రాన్లతో రగిల్చి ఆంటిమనీ పాళ్లు కొలిచాడు. 399వ తూటాలో పది లక్షల పాళ్లకు 833, మణికట్టు తునకలో 797, మిగతా తునకల్లో 600 పైచిలుకు. రెండు గుంపులు, రెండు తూటాలు, ఇంక సందేహమే లేదన్నాడు. కొలత తప్పు కాదు, భాష్యం తప్పు. కరిగిన సీసం చల్లారేటప్పుడు ఆంటిమనీ అంతటా సమంగా పరుచుకోదు, ఒకే తూటాలో ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పేరుకుంటుంది. ఈ మాట 2006లో లోహశాస్త్రజ్ఞుడు ఎరిక్ రాండిచ్, రసాయన శాస్త్రజ్ఞుడు పాట్రిక్ గ్రాంట్ చెప్పారు. ఆ తునకలు రెండు తూటాలవి కావొచ్చు, అయిదింటివీ కావొచ్చు. దీనికి ముందే, 2005లో, ఎఫ్‌బీఐ సీసం పోల్చి తూటాలు గుర్తించే పద్ధతినే మానేసింది. ఒకే తూటా వాదానికి ఇది పెద్ద నష్టం కాదు, ఒక ఊతకర్ర పోయిందంతే.

రెండోది శబ్దం. ఊరేగింపులో ఒక పోలీసు మోటారుసైకిలు మైకు ఆన్‌లోనే ఇరుక్కుపోయి, స్టేషన్‌లో రికార్డింగు బెల్టు మీద అయిదు నిమిషాలకు పైగా రొద రికార్డయింది. వినేవాడికి అందులో తుపాకీ చప్పుడు తెలియదు. 1978లో నిపుణులు డాలస్ వీధిలో తుపాకులు పేల్చి ప్రతిధ్వనులు కొలిచి, బెల్టు మీది చిటపటలతో పోల్చారు. పక్కన గడ్డిదిబ్బ మీది నుంచి కూడా ఒక దెబ్బ పడిందనడానికి 95 శాతం సంభావ్యత ఉందన్నారు. ముఖ్యంగా ఆ 95 శాతం మీద ఆధారపడే కాంగ్రెస్ కమిటీ 1979లో, ఈ హత్య వెనక బహుశా కుట్ర ఉందని రాసింది.

ఆ రికార్డింగు నకలును ఒక పత్రిక పలచటి ప్లాస్టిక్ రికార్డుగా అచ్చువేసి పాఠకులకు ఇచ్చింది. ఒహాయోలో డ్రమ్స్ వాయించే ఒక కుర్రాడు దాన్ని పదే పదే విన్నాడు. దెబ్బలు పడ్డాయన్న చోటే, రొదలో అడుగున, ఒక సన్నటి మాట వినిపించింది. ఇంకో ఛానెల్‌లో షెరిఫ్ చెబుతున్న ఆదేశం అది. షెరిఫ్ ఆ మాటలు అన్నది కాల్పులు అయిపోయిన దాదాపు నిమిషం తర్వాత. అంటే నిపుణులు కొలిచిన చిటపటలు కాల్పులవే కావు. 1982లో భౌతిక శాస్త్రజ్ఞుడు నార్మన్ రామ్‌సే నాయకత్వాన నేషనల్ అకాడమీ బృందం కుర్రాడి మాట నిజమేనంది. 2001లో ఒక శాస్త్రపత్రిక వ్యాసం 95 శాతాన్ని మళ్లీ లేపింది, 2005లో రామ్‌సే బృందం వాళ్లే దాన్ని మళ్లీ పడగొట్టారు. 1988లో న్యాయశాఖ, కుట్రకు నమ్మదగిన ఆధారం లేదని కేసు మూసేసింది. 1979 నివేదికను సరిదిద్దాలంటే దాన్ని రాసిన కమిటీయే సరిదిద్దాలి. ఆ కమిటీ అప్పటికే రద్దయిపోయింది. బహుశా కుట్ర అన్న వాక్యం ప్రభుత్వ ప్రచురణల్లో అలాగే ఉంది.